1952 ఓటు: కాగితం మీద ముద్రా, పెట్టెలో కాగితమా?

పెరంబూరు శీను | శుక్రవారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇందాక అన్నాల దగ్గర మా ఇంట్లో పెద్ద రభస. మావాడు ఎనిమిదో తరగతి. స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసు రాష్ట్రంలో జరిగిన మొదటి శాసనసభ ఎన్నిక మీద ప్రాజెక్టు చెయ్యమన్నారు. సోమవారం ఇవ్వాలి. మొదలుపెట్టింది ఇవాళ రాత్రి. (ఎవరి పోలికో అడక్కండి.)

వాడు అట్ట మీద ఓటు కాగితం బొమ్మ గీశాడు. వరసగా గుర్తులు, ఒకదాని పక్కన స్వస్తిక్ ముద్ర. మా నానమ్మ కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని చూసి, "ఇదేంది అబ్బయా, కాగితం మీద బొమ్మలెక్కడివి? బొమ్మలు పెట్టెల మీద గదా ఉండింది" అంది. ఎద్దుల పెట్టె, గుడిసె పెట్టె, కంకి కొడవలి పెట్టె అట. ఎవరి పెట్టెలో కాగితం వేస్తే వాళ్ళకి ఓటు. ముద్రా లేదు, గుర్తు పెట్టడమూ లేదు.

మావాడు ఒప్పుకోడు. "జేజికి మతిమరుపు" అన్నాడు. ఆమె అలిగి మజ్జిగన్నం తినకుండా లేచింది. నానమ్మ ఓటు వేసింది గూడూరు పక్క పల్లెలో. తాతకి పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో పని దొరికాక ఇక్కడికొచ్చారు. ఎవరిది ఒప్పో చెప్పండి బాబూ, ఇంట్లో శాంతి కావాలి.

---

లెక్కల పంతులు | శుక్రవారం రాత్రి 11:05

మీవాణ్ణి వెళ్ళి నానమ్మగారికి దణ్ణం పెట్టమనండి. ఆవిడ చెప్పిందే అక్షరాలా నిజం.

1951-52 ఎన్నికల్లో అభ్యర్థికో పెట్టె. పెట్టె మీద గుర్తున్న కాగితం అతికించేవాళ్ళు. కాంగ్రెస్‌కి కాడి కట్టిన ఎద్దుల జత, కమ్యూనిస్టులకి కంకి కొడవలి, కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీకి గుడిసె, సోషలిస్టులకి చెట్టు. ఓటరు చేతికిచ్చే కాగితం మీద పేర్లూ ఉండవు, గుర్తులూ ఉండవు. తెర చాటుకి వెళ్ళి, కావలసిన పెట్టెలో వేసి రావడమే. అప్పటి ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ముందున్న చిక్కల్లా ఒకటే: దేశంలో పదిహేడు కోట్ల పైచిలుకు ఓటర్లు, అందులో చదవడం వచ్చినవాళ్ళు కొద్దిమంది. చదువు అక్కర్లేకుండా ఓటెలా వేయించాలి? దానికి దొరికిన జవాబే ఈ పెట్టెలు. 1957లోనూ ఇదే పద్ధతి. ముద్ర వేసే కాగితం ఆ తర్వాతే అంతటా వచ్చింది.

అభ్యర్థికో పెట్టె అంటే ఎన్ని పెట్టెలు కావాలో ఊహించుకోండి. ఇనప పెట్టెలు లక్షల్లో చేయించాల్సొచ్చింది. బొంబాయిలో గోద్రెజ్ వాళ్ళు చేసినవి వాటిలో పెద్ద వాటా.

---

చూళై చిన్నోడు | శుక్రవారం రాత్రి 11:20

ఒక అనుమానం మాస్టారూ. తెర చాటుకి వెళ్ళినవాడు కాగితం పెట్టెలో వెయ్యకుండా జేబులో పెట్టుకుని బయటికొచ్చేస్తే? దాన్ని ఎవరికైనా అమ్ముకుంటే?

---

లెక్కల పంతులు | శుక్రవారం రాత్రి 11:31

నీకు వచ్చిన ఆలోచన అప్పటివాళ్ళకి రాకుండా ఉంటుందా నాయనా! ఆ పద్ధతిలో లోటే అది. అందుకే పోయింది.

---

మీనాక్షి, మామిని కాను | శనివారం ఉదయం 6:50

చేతి మీద సిరా సంగతి కూడా ప్రాజెక్టులో రాయించండి శీనుగారూ. మైసూరు సిరా అప్పుడే మొదలు. మా మావగారు చెప్పేవారు.

---

లెక్కల పంతులు | శనివారం ఉదయం 7:15

చిన్న సవరణమ్మా. చెరగని సిరా 1952లోనూ పెట్టారు. మైసూరు కంపెనీ సిరా మాత్రం 1962 ఎన్నికల నుంచి. పిల్లవాడి మార్కులు పోతాయని చెప్తున్నా, తప్పు పట్టడానికి కాదు.

---

మీనాక్షి, మామిని కాను | శనివారం ఉదయం 7:22

సరే మాస్టారూ. మా మావగారు పైనున్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే మీ ఇంటికొచ్చి వాదించేవారు.

---

పెరంబూరు శీను | శనివారం ఉదయం 8:05

దణ్ణం అయింది. నానమ్మ మూడు దోసెలు తింది. మావాడు అట్ట మీద ఓటు కాగితం చెరిపి పెట్టెలు గీస్తున్నాడు. ఇప్పుడు వాడి తరవాతి ప్రశ్న: ఎన్ని సీట్లు, ఎవరు గెలిచారు? ఎవరో 375 సీట్లన్నారట, ఇంకెవరో 309 నియోజకవర్గాలన్నారట. రెండూ ఎలా కుదురుతాయి?

---

లెక్కల పంతులు | శనివారం ఉదయం 8:40

రెండూ సరే. 309 నియోజకవర్గాల్లో 243 చోట్ల ఒక్కో సభ్యుడు, మిగతా 66 చోట్ల ఇద్దరేసి. 243 + 132 = 375. ఇద్దరు సభ్యుల చోట్ల ఒక సీటు షెడ్యూల్డ్ కులాలకి, కొన్ని చోట్ల తెగలకి కేటాయించినది. రెండోది అందరిదీ. ఓటరుకి రెండు ఓట్లు.

ఇందులో ఒక మెలిక ఉంది. కేటాయించిన సీటు నిండాక, రెండో సీటు మిగిలినవాళ్ళలో ఎక్కువ ఓట్లొచ్చినవాళ్ళది. అక్కడా కేటాయింపు వర్గం అభ్యర్థే ముందుంటే రెండు సీట్లూ వాళ్ళవే. 1957లో పార్వతీపురం లోక్‌సభ సీటులో మన వి.వి. గిరిగారికి తగిలింది ఇదే దెబ్బ. సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా లాభం లేకపోయింది. 1961లో చట్టం చేసి ఇద్దరు సభ్యుల పద్ధతి తీసేశారు.

ఫలితం: కాంగ్రెస్ 152, కమ్యూనిస్టులు 62, ప్రజా పార్టీ 35, తమిళనాడు టాయిలర్స్ 19, రంగాగారి కృషికార్ లోక్ పార్టీ 15, సోషలిస్టులు 13, కామన్‌వీల్ 6, ముస్లింలీగ్ 5, స్వతంత్రులు 62, మిగతా చిన్నాచితకా. సగం దాటాలంటే 188 కావాలి. ఎవరికీ లేవు.

---

చూళై చిన్నోడు | శనివారం ఉదయం 9:02

ఆగండాగండి. స్వాతంత్ర్యం తెచ్చిన పార్టీకి, తెచ్చిన నాలుగున్నరేళ్ళకే, మెజారిటీ రాలేదా? నేను ఇన్నాళ్ళూ 1967 దాకా ఇక్కడ కాంగ్రెస్ ఓడిందే లేదనుకున్నా. డీఎంకే వాళ్ళకెన్నొచ్చాయి?

---

మీనాక్షి, మామిని కాను | శనివారం ఉదయం 9:30

డీఎంకే పోటీయే చెయ్యలేదు. ద్రవిడనాడు (దక్షిణాదికి వేరే దేశం) కోరికని సభలో వినిపిస్తామని మాటిచ్చినవాళ్ళకి మద్దతిచ్చారు. టాయిలర్స్, కామన్‌వీల్ రెండూ తమిళం వైపు ఉత్తరపు జిల్లాల వన్నియర్ కులంవాళ్ళ పార్టీలు, డీఎంకే ఆసరా వాళ్ళకి దొరికింది. పెరియార్ ఏమో కమ్యూనిస్టుల వైపు. తమాషా ఏంటంటే, ఎన్నికలయ్యాక ఆ కామన్‌వీల్ నాయకుడు మాణిక్యవేలు నాయకర్, కాంగ్రెస్ తరఫున ముఖ్యమంత్రి అయిన రాజాజీ మంత్రివర్గంలో మంత్రి!

---

అనంతపురం టు అన్నానగర్ | శనివారం ఉదయం 10:15

మెజారిటీ ఎందుకు పోయిందో మీరెవరూ అనడం లేదు, నేనంటా. పోగొట్టింది మన తెలుగు జిల్లాలే. మలబారు (ఇప్పటి ఉత్తర కేరళ) కూడా చెయ్యి కలిపింది, అక్కడ 29కి నాలుగే దక్కాయి. మన దిక్కున నూట నలభై పైచిలుకు సీట్లలో మూడో వంతు కూడా రాలేదు కాంగ్రెస్‌కి. తమిళం వైపు నిలబడ్డ ముఖ్యమంత్రి కుమారస్వామి రాజా ఓడిపోయె. బెజవాడ గోపాలరెడ్డి ఓడిపోయె. కళా వెంకటరావు ఓడిపోయె. తమిళం వైపు భక్తవత్సలం కూడా.

ఇంక మా అనంతపురం కథ వినండి. కాంగ్రెస్ తరఫున నీలం సంజీవరెడ్డి, ఎదురుగా కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి. ఇద్దరూ స్వయానా బావాబావమరుదులు. నాగిరెడ్డి చెల్లెలు నాగరత్నమ్మ సంజీవరెడ్డి ఇల్లాలు. నాగిరెడ్డి జైల్లో ఉన్నాడు, ఒక్క సభలో మాట్లాడింది లేదు. గెలిచింది ఆయనే. బావ తర్వాత్తర్వాత రాష్ట్రపతి అయ్యాడు, బావమరిది ఆ సభలోనే ప్రతిపక్ష నాయకుడయ్యాడు. ఆ ఇంట్లో ఆ ఏడు సంక్రాంతి ఎట్లా జరిగిందో! మా జేజి కాలం నుంచి మా ఊళ్ళో ఇదే అడుగుతారు.

---

చూళై చిన్నోడు | శనివారం ఉదయం 10:21

జైల్లో ఉండి గెలిచాడా! మరి ఆయన పెట్టె దగ్గర ఏజెంటుగా ఎవరు కూర్చున్నారో పాపం.

---

లెక్కల పంతులు | శనివారం ఉదయం 11:10

అన్నానగర్‌గారూ, లెక్క మీరు చెప్పిందే. కారణం మాత్రం ఒకటి కాదు. బియ్యం కొరత, రేషన్ క్యూలు, తిండిగింజల మీద కంట్రోళ్ళు: జనం విసిగిపోయి ఉన్నారు. రాజాజీ వచ్చీ రాగానే 1952లోనే ఆ కంట్రోళ్ళు ఎత్తేశారంటే అవి ఎంత చెడ్డపేరు తెచ్చాయో చూడండి. రెండోది, ఆంధ్ర రాష్ట్రం ఇదిగో అదిగో అంటూ నాన్చడం. మూడోది ఇంటిపోరు. ప్రకాశంగారు 1951లో కాంగ్రెస్ వదిలి ప్రజా పార్టీలోకి, రంగాగారు వేరే దుకాణం. ఊరూరా కాంగ్రెస్ ఓటు మూడుగా చీలింది. కమ్యూనిస్టుల ఓటు చీలలేదు.

నా మటుకు నాకు ఈ మూడోదే పెద్ద కారణం. మొత్తం మీద దాదాపు 35 శాతం ఓట్లతో కాంగ్రెస్‌కి 152 వచ్చాయంటే, చీలిక వాళ్ళకి తమిళ జిల్లాల్లో మేలూ చేసింది, మన దగ్గర కీడూ చేసింది.

---

హైకోర్టు కాకి | శనివారం మధ్యాహ్నం 1:45

భోజనాలయ్యాయా? ఇప్పుడు అసలు వంట మొదలవుతుంది.

ఫలితాలొచ్చాక ప్రతిపక్షాల్లో చాలావరకు కలిసి ఐక్య ప్రజాస్వామ్య ఫ్రంటు కట్టాయి. ప్రకాశంగారు నాయకుడు. మావెనక 166 మంది ఉన్నారు, మమ్మల్ని పిలవండి అన్నారు. కాంగ్రెస్‌కి 152. ఎవరికి ఎక్కువ? చంటిపిల్లాడైనా చెప్తాడు. కానీ కొత్తగా వచ్చిన గవర్నర్ శ్రీప్రకాశ పిలిచింది రాజాజీని.

రాజాజీ అప్పటికి గవర్నర్ జనరల్ పదవీ చూశారు, కేంద్ర హోంమంత్రి పదవీ చూశారు. అన్నీ అయిపోయి ఇంటికొచ్చి కూర్చున్న మనిషి. ఎన్నికల్లో నిలబడలేదు. శాసనసభలో సభ్యుడు కాదు. మరెలా? గవర్నర్ ఆయన్ని శాసనమండలికి నామినేట్ చేశారు. సాహిత్యం, కళ, సంఘసేవ వగైరా వాళ్ళ కోసం ఉంచిన సీట్లలో ఒకటి. 1952 ఏప్రిల్ 10న ప్రమాణస్వీకారం. ఒక్క ఓటరు దగ్గరికీ వెళ్ళకుండా, వయోజనులందరికీ ఓటిచ్చిన మొదటి ఎన్నిక తర్వాత మొదటి ముఖ్యమంత్రి!

కమ్యూనిస్టు నాయకుడు పి. రామమూర్తి మా హైకోర్టుకే వచ్చారు, ఈ నామినేషన్ చెల్లదని. కోర్టు కొట్టేసింది.

---

మీనాక్షి, మామిని కాను | శనివారం మధ్యాహ్నం 2:20

ఇది ఒక వైపు కథ కాకిగారూ. ఆ 166 మంది ఎవరు? ఎన్నికల్లో ఒకరి మీద ఒకరు పోటీ చేసినవాళ్ళు. ఫలితాలొచ్చాక ఒక చెట్టు కిందికి చేరారు. కార్యక్రమం ఏది? కమ్యూనిస్టులూ కాంగ్రెస్ వదిలొచ్చినవాళ్ళూ కలిసి ఎన్నాళ్ళు నడిపేవారు? పెద్ద పార్టీని ముందు పిలవడం తప్పెలా అవుతుంది? సభలో బలం చూపించమంటే రాజాజీ చూపించారు కూడా. జూలై 3న విశ్వాస ఓటు, 200 కి 151.

---

హైకోర్టు కాకి | శనివారం మధ్యాహ్నం 2:48

152 ఉన్నవాళ్ళకి మూడు నెలల్లో 200 ఎలా అయ్యాయమ్మా? ముఖ్యమంత్రి కుర్చీ ముందు ఇచ్చి, బలం తర్వాత కూడబెట్టుకోమంటే ఎవరైనా కూడబెడతారు. మంత్రి పదవులు చేతిలో ఉన్నవాడికి స్వతంత్రులు దొరకడం ఒక లెక్కా?

ఇప్పటికీ ప్రతి రాష్ట్రంలో హంగ్ (ఎవరికీ మెజారిటీ లేని సభ) వచ్చినప్పుడల్లా ఇదే తగువు. కేంద్ర-రాష్ట్ర సంబంధాల మీద వేసిన సర్కారియా కమిషన్ తర్వాతెప్పుడో, ఎవర్ని ముందు పిలవాలో వరస రాసింది: ముందు ఎన్నికలకి ముందే కట్టిన కూటమి, తర్వాత మిగతావాళ్ళ మద్దతు కూడిన పెద్ద పార్టీ, ఆ తర్వాతే ఎన్నికలయ్యాక కట్టిన కూటమి. ఆ వరస ప్రకారం శ్రీప్రకాశ చేసింది సరే అనొచ్చు, ఒప్పుకుంటా. నామినేషన్ మాత్రం మింగుడుపడదు. కనీసం ఆర్నెల్లలో ఏదో ఒక సీటుకి ఉపఎన్నికలో నిలబడొచ్చు కదా? 1954 ఏప్రిల్‌లో దిగిపోయేదాకా ఆయన మండలి సభ్యుడే.

---

మీనాక్షి, మామిని కాను | శనివారం మధ్యాహ్నం 3:05

అది మాత్రం నాకూ మింగుడుపడదు. సరే, చెరి సగం.

---

వలసపక్షి | శనివారం సాయంత్రం 4:30

ఇంతమంది తెలుగు సభ్యులు ఉండి కూడా మద్రాసు నగరం మనకి దక్కలేదంటే

*(ఈ టపాలో మిగతా భాగం తొలగించడమైనది. మోడరేటర్)*

---

మోడరేటర్ | శనివారం సాయంత్రం 4:50

"మద్రాసు మనదే" గొడవకి వేరే చర్చ ఉంది, 412 టపాలున్నాయి, అక్కడికెళ్ళి కొట్టుకోండి. ఇక్కడ పిల్లవాడి ప్రాజెక్టు నడుస్తోంది.

---

చూళై చిన్నోడు | శనివారం సాయంత్రం 6:10

నేను ఇవాళ ఒక పని చేశా. వాలాజా రోడ్డు మీద పనుంటే కలైవాణర్ అరంగం ముందు బండాపాను. 1952 సభ ఎక్కడ కూర్చుందని నిన్న రాత్రి మా నాన్నని అడిగితే "కోటలో" అన్నాడు. కాదట కదా? 375 మందికి కోటలో చోటు చాలక ప్రభుత్వ ఎస్టేటులో కొత్త హాలు కట్టి, మే 3న అక్కడ మొదలుపెట్టారట. అదే తర్వాత పిల్లల నాటకాల హాలు, ఆ తర్వాత కలైవాణర్ అరంగం. ఇప్పుడున్నది పాతది పడగొట్టి కట్టింది. కరోనా రోజుల్లో మళ్ళీ సభ అక్కడే జరిపారు, ఎడంగా కూర్చోడానికి.

బయట ఇడ్లీ బండి ఆయన్ని అడిగా, ఇక్కడ అసెంబ్లీ నడిచింది తెలుసా అని. "తెలుసు, కరోనాలో" అన్నాడు. 1952లో అంటే నా వైపు ఒకలా చూసి ఇంకొంచెం సాంబారు పోశాడు.

నేను గేటు బయట నిలబడి అనుకున్నా: అక్కడ తెలుగూ, తమిళం, మలయాళం, కన్నడం నాలుగూ మాట్లాడేవాళ్ళు ఒకే కప్పు కింద కూర్చున్నారు. ఒకాయన లేచి తెలుగులో తిడితే ఎదుటాయనకి అర్థమయ్యేదా?

---

లెక్కల పంతులు | శనివారం సాయంత్రం 6:45

తిట్టు ఏ భాషలోనైనా అర్థమవుతుంది చిన్నోడా.

ఆ కప్పు కింద తెలుగువాళ్ళు ఉన్నది పదిహేడు నెలలే. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములుగారు ఆంధ్ర రాష్ట్రం కోసం మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారింట్లో దీక్షకి కూర్చున్నారు. డిసెంబరు 15 రాత్రి పోయారు. రాయపేట హైరోడ్డులో ఆ ఇల్లు ఇప్పుడు స్మారకం, ఈ చర్చలో ఎంతమంది లోపలికెళ్ళి చూశారో చేతులెత్తండి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 140 మంది సభ్యులు కర్నూలుకి సామాన్లు సర్దుకున్నారు. రాజాజీ మంత్రివర్గంలో చిన్న వయసు మంత్రి దామోదరం సంజీవయ్య కూడా అటే వెళ్ళారు. 1960లో ఆయనే ముఖ్యమంత్రి.

---

మీనాక్షి, మామిని కాను | శనివారం సాయంత్రం 7:00

చెయ్యెత్తలేను మాస్టారూ. నలభై ఏళ్ళుగా ఆ ఇంటి ముందు నుంచే కూరలకెళ్తున్నా.

శీనుగారూ, నాకు ఇంకో సందేహం. ఉత్తరాదిలో ఆడవాళ్ళు పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని రాయించుకుంటే, సేన్‌గారు అవి ఒప్పుకోలేదు. దేశం మొత్తం మీద దాదాపు 28 లక్షల మంది ఓటు అలా పోయింది. మీ నానమ్మగారి పేరు జాబితాలో ఎలా ఎక్కింది? అప్పుడు వయసెంత? ఓటుకి 21 నిండాలి కదా.

---

పెరంబూరు శీను | శనివారం రాత్రి 9:25

అమ్మా మీనాక్షిగారూ, ఎంత పని చేశారు! మీ ప్రశ్న చదివి వినిపించా. నానమ్మ ముందు నవ్వింది. తర్వాత మావాడి చేత తలుపు వేయించింది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తా.

"కరణం పలకా బలపం తెచ్చినట్టు పెద్ద పుస్తకం తెచ్చుకుని అరుగు మీద కూచున్నాడు. మా అత్త గడప దగ్గర నిలబడి ఇంట్లోవాళ్ళ పేర్లు చెప్తా ఉండింది. నా దగ్గరికొచ్చేసరికి 'పెద్ద కోడలు' అనింది. కరణం పేరు గావాలన్యాడు. అత్తకి నా పేరు గబుక్కున తట్టలా. కాపరానికొచ్చినప్పట్నించి 'అమ్మాయ్' అనే గదా పిలిచేది. నేను తలుపు సందులోంచి నా పేరు నేనే చెప్పినా. ఆ ఇంట్లో నేను గట్టిగా మాట్లాడింది అదే మొదలు. వయసు ఎవుర్నీ అడగలా. తల మీద కొంగు జూసి ఆయనే ఏసుకున్యాడు."

ఎంత వేశాడు అంటే తెలీదంది. పుట్టిన సంవత్సరం మాత్రం తెలుసు, ఆంగీరస, శ్రావణ మాసం.

---

లెక్కల పంతులు | శనివారం రాత్రి 9:40

ఆంగీరస అంటే 1932. పోలింగు 1952 జనవరి.

శీనూ... పందొమ్మిదేళ్ళయ్యా!

---

హైకోర్టు కాకి | శనివారం రాత్రి 9:44

వృత్తిరీత్యా నేను ఈ టపా చదవలేదు.

---

చూళై చిన్నోడు | శనివారం రాత్రి 9:46

నానమ్మకి జై. కరణానికి కూడా జై.

---

పెరంబూరు శీను | శనివారం రాత్రి 10:30

లెక్క చెప్పగానే ఆమెకి దిగులు పట్టుకుంది. ఇప్పుడు ఎవరైనా వచ్చి అడుగుతారా అని రెండుసార్లు అడిగింది. కాకిగారు చదవలేదన్నారని చెప్పాక కుదుటపడింది.

పోలింగు రోజు సంగతి కూడా చెప్పింది. సంక్రాంతి దగ్గర, చలి. బండ్లు కట్టుకుని పక్క ఊరి బడికి వెళ్ళారు. ఆడవాళ్ళకి వేరే వరస. తెరగా కట్టింది ఎవరింటిదో నీలం అంచు జంపఖానా. లోపల బల్ల మీద పెట్టెలు. "నేను శానాసేపు నిలబడినా రా. పదకొండు మంది ఉండే ఇంట్లో నన్ను ఎవురూ చూడని చోటు నాకు ఎక్కడ దొరికింది అప్పటిదాకా? బయటినించి ఆయనెవరో 'అమ్మా అయిందా' అని కేకేశాడు. అప్పుడేసి వచ్చినా."

మావాడు ప్రాజెక్టులో ఇదంతా రాసుకున్నాడు, వయసు తప్ప. అట్ట మీద ఇప్పుడు నాలుగు పెట్టెలూ, నీలం అంచు జంపఖానా. కింద పదో పేజీ ఇంకా ఖాళీ.

---

మీనాక్షి, మామిని కాను | ఆదివారం ఉదయం 6:40

ఇంతకీ ఏ పెట్టెలో వేశారు? ఎద్దులా, గుడిసా, కంకి కొడవలా? రాత్రంతా ఇదే ఆలోచన నాకు.

---

అనంతపురం టు అన్నానగర్ | ఆదివారం ఉదయం 8:10

కంకి కొడవలే. నేను పందెం.

---

పెరంబూరు శీను | ఆదివారం ఉదయం 9:00

అడిగా. మావాడూ అడిగాడు. తాత కూడా పోయేదాకా అడుగుతూనే ఉండేవాడట, బండి దిగిన పూట నుంచీ.

"అదే చెప్పేదైతే ఇంక ఆ జంపఖానా ఎందుకు కట్టినట్టురా?" అని, కాఫీ చల్లారిందని గ్లాసు నా చేతికిచ్చింది.